కోడికాలు, కింద ఒక చుక్క

పోయిన నెల కాలేజీలో తెలుగు చెప్పే ఒక అమ్మాయి ఒంగోలు నుంచి మా ఇంటికి వచ్చింది. పాతకాలపు ఆడవాళ్ల మొదటి కథలన్నీ వెతికి పుస్తకం వేస్తోందట. మర్యాదగల పిల్ల. కాఫీ మొత్తం తాగి, గ్లాసు తనే తీసుకెళ్లి వంటింట్లో పెట్టి వచ్చి, అప్పుడు అడిగింది: "అమ్మా, మీ మొదటి కథ ఏ సంపుటిలోనూ లేదు. ఎందుకని?" ఆ కథ ప్రతి పోయిందమ్మా అన్నాను. చెదలు తినేశాయని కూడా అన్నాను, ఆ పిల్ల అడగకుండానే. అబద్ధం చెప్పేటప్పుడు ఒక మాట ఎక్కువ చెప్పడం నా వృత్తి నేర్పిన అలవాటు. ఆ కథ అచ్చయిన వారపత్రిక నా బీరువాలో పై అరలో దుప్పట్ల కింద భద్రంగానే ఉంది. దాన్ని విప్పి అరవై ఏళ్లు దాటింది. పిల్ల వెళ్లిపోయాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. అందుకని ఆ కథ సంగతి ఇక్కడ రాసేస్తున్నాను. కథను మాత్రం మళ్లీ అచ్చు వేయనివ్వను.

అప్పుడు మాది ఇంకా కర్నూలు జిల్లానే. కొత్త రాష్ట్రం వచ్చిందనీ, ఇక అన్నిటికీ హైదరాబాదు పోవాలనీ పెద్దవాళ్లు అనుకుంటుండేవాళ్లు. మార్కాపురంలో నాకు తెలిసిన లోకమంతా పలకల రాయి. మా ఇంటి వెనకే నాయనకు పలకల కార్ఖానా ఉండేది. కార్ఖానా అంటే పెద్దదేం కాదు, రెండు రేకుల కొట్టాలు, ఒక నీళ్ల తొట్టి, పదిహేను మంది పనివాళ్లు. బండ్ల మీద వచ్చిన రాయిని మగవాళ్లు ఉలితో పొరలు పొరలుగా చీల్చేవాళ్లు. ఆ పొరల మీద నీళ్లూ ఇసకా పోసి ఆడవాళ్లు నునుపుగా రుద్దేవాళ్లు. చివర్న చట్రాల మేస్త్రి కొయ్య చట్రం బిగించేవాడు. తడిసిన రాయికి ఒక వాసన ఉంటుంది. వాన పడ్డ మట్టి వాసన కాదు, అంతకంటే చల్లగా, కాస్త ఇనుము కలిసినట్టుండేది. మా అన్నానికీ, బట్టలకీ, అమ్మ కొంగుకీ అదే వాసన. పప్పులో రాతిపొడి పడి పళ్ల కింద కరకరమన్నా ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. మా అవ్వ మాత్రం రోజూ కొత్తగా విసుక్కునేది. "ఈ ఇంట్లో మెతుకులకన్న రాళ్లే ఎక్కువ" అంటూ, ఆ కంచమే ఖాళీ చేసి, ముక్కులోకి ఒక పట్టు నస్యం ఎక్కించి లేచేది.

నాయన పొద్దున్నే ముఖం కూడా కడుక్కోకుండా కొట్టంలోకి వెళ్లి, ఆరబెట్టిన పలకల్ని ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో తట్టేవాడు. మంచి పలక ఖంగుమంటుంది. కంటికి కనపడని పగులు లోపల ఉంటే మొద్దుగా పలుకుతుంది. అలాంటివి పక్కన పడేసేవాడు. ఆ పడేసినవే నాకు కాగితాలు. ఎస్సెల్సీ పాసై ఇంట్లో కూర్చున్నదాన్ని, పదిహేడేళ్లదాన్ని, కథలు రాయాలన్న పిచ్చి పట్టినదాన్ని. పది పన్నెండు పలకలు వరసగా గోడకు చేరేసి బలపంతో రాసేదాన్ని. పలక నిండితే కొత్త వాక్యానికి చోటు కావాలి కాబట్టి పాత వాక్యం ఏదో ఒకటి తుడవాలి. ఏది ఉంచాలి, ఏది తుడవాలి అన్న చదువు నాకు ఆ గోడ దగ్గరే అబ్బింది. అంతా కుదిరిందనుకున్నాకే కాగితం మీదికి ఎక్కించేదాన్ని. అవ్వ అటు పోతూ ఇటు పోతూ చూసి, "ఏంది పాపా, పొద్దస్తమానం రాస్తావు, తుడుస్తావు. ఆ తుడిచేదేదో రాయకుండనే ఉంటే పనైపోయేది గదా" అనేది. ఆ తర్వాత విమర్శకులు నా గురించి చాలా రాశారు గానీ ఇంత సూటిగా ఎవరూ అనలేదు.

రాళ్లు రుద్దే ఆడవాళ్లలో ఓబులమ్మ ఒకతె. ఓబులక్కా అని పిలిచేదాన్ని. ముప్పై లోపు మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేది. ఆరేళ్ల కూతురు చెన్ని చెయ్యి పట్టుకుని ఒకరోజు వచ్చి పని అడిగింది. పెనిమిటి దొనకొండలో రైలు పట్టాల పనిలో ఉన్నాడనీ, సెలవు దొరికినప్పుడు వస్తాడనీ చెప్పింది. ఏడాది దాటినా ఆ సెలవు దొరకలేదు. పనిమంతురాలు కాబట్టి ఎవరూ గుచ్చి గుచ్చి అడగలేదు. ఆమె రుద్దిన పలక మీద ఈగ వాలినా జారుతుందని నాయన అనేవాడు. చెన్ని పగలంతా మా పెరట్లో ఆడుకునేది, అవ్వ వెంట తిరిగి నస్యం డబ్బీ మూత తీసి వాసన చూసి తుమ్మేది.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరు రుద్దిన పలక మీద వాళ్లు, అంచున, మేకుతో చిన్న గుర్తు గీకాలి. రుద్దుడు బాగాలేకపోతే ఆ పలక ఎవరిదో తెలిసి వాళ్ల దగ్గరికే వెనక్కి పోతుంది. చదువురానివాళ్లకు అదే సంతకం. ఒకామెది నిచ్చెన, ఒకామెది చేప, ఇంకొకామెది రెండు అడ్డగీతలు. ఓబులక్కది కోడికాలు, కింద ఒక చుక్క. "కోడి నేను, కింద గుడ్డు మా చెన్ని" అని నవ్వుతూ చెప్పింది ఒకసారి. చట్రం బిగించాక గుర్తు కొయ్య కిందికి పోతుంది. పలక కొన్నవాళ్లకు అది ఎప్పటికీ కనపడదు. అలాంటిది ఒకటి ఉందని పలకల పనివాళ్లకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. నా తెలివి తెల్లారింది సరిగ్గా ఇక్కడే.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె పక్కన చేరి కబుర్లు చెప్పించుకునేదాన్ని. ఊరివాళ్ల సంగతులు, దయ్యాల సంగతులు, అడివిలో గొర్రెల్ని చిరుతపులి ఎత్తుకుపోయిన సంగతులు. చెప్తున్నంతసేపూ చెయ్యి ఆగేది కాదు. అసలు సంగతి వచ్చే చోట మాత్రం, పలక మీద నీళ్లు పోయాలి కాబట్టి, ఆగేది. నీళ్లు పోసి, అరచేత్తో పలకంతా నిమిరి, ఎక్కడైనా గరుకు తగిలిందేమో చూసుకుని, అప్పుడు చెప్పేది. ఆ కాసేపూ నాకు ఊపిరాడేది కాదు. కథలో ఎక్కడ ఆగాలో నాకు నేర్పింది పుస్తకాలు కాదు, ఓబులక్క. ఒకరోజు అలాగే నీళ్లు పోసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"మా ఆయన దొనకొండలో లేడు పాపా. గిద్దలూరు అవతల, అడివి కింద, మా ఊళ్లోనే ఉన్నాడు."

"మరి నువ్వేంది అక్కా ఇక్కడ?"

"చెన్నిని వాళ్లక్క కొడుక్కిస్తానని మాటిచ్చినాడు. వానికి ముప్పై ఏండ్లు. మొదటి పెండ్లాం చచ్చిపోయింది. ఇప్పుడు తాళి కట్టిచ్చి, పెద్దమనిషైనాక పంపిద్దామంటాడు. వద్దన్నానని కొట్టినాడు. ముహూర్తం పెట్టుకున్నారని తెలిసి, గొర్లకాడికి సద్ది తీసకపోతానని చెప్పి, బిడ్డను ఎంటబెట్టుకోని గిద్దలూరు టేషనుకు నడిసొచ్చినాను."

"టేషనులో ఏడ్చినావా అక్కా?" అని అడిగాను. పదిహేడేళ్లకే నాకు ఆ పాడు అలవాటు ఉంది, కన్నీళ్లు ఎక్కడున్నాయా అని వెతకడం.

"ఏడ్చడమెందుకు? చెన్ని అప్పటిదాంక రైలు చూసిందే లేదు. ఇంజను కూతెయ్యంగనే నా కొంగులో దూరింది. మళ్లా తల బయటికి పెట్టి పకపకా నవ్వింది. దాన్ని చూసి నాకూ నవ్వాగలేదు. టేషనులో అందరూ మమ్మల్నే చూసినారు." తర్లుపాడు వరకే టికెట్టు తీసుకున్నారట. అక్కడ దిగి, పలకల పని దొరుకుతుందని ఎవరో చెప్తే నడుచుకుంటూ మా ఊరు వచ్చారు. అంతా చెప్పి, "ఎవురికీ చెప్పబాకు పాపా" అంది. చెప్పనక్కా అని చేతిలో చెయ్యి వేశాను. నేను మాట తప్పలేదు కూడా, నోటితో ఎవరికీ చెప్పలేదు.

చెప్పలేదు గానీ, ఆ సంగతి నన్ను నిలవనీయలేదు. మొదట జాగ్రత్తగానే రాశాను. ఊరు మార్చాను, పేర్లు మార్చాను, ఆమెను చాపలు అల్లేదాన్ని చేశాను. పన్నెండు పలకలు నిండాయి. చదువుకుంటే చప్పగా ఉంది, ఎవరో ఎవరి గురించో చెప్పినట్టుంది. తుడిచేశాను. మళ్లీ చాపలు తీసేసి పలకలు పెట్టాను. పలకలు వచ్చాక గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? చేప గుర్తు పెట్టి చూశాను, కుదరలేదు. కోడికాలూ చుక్కా పెట్టగానే కథలో ఆ మనిషి లేచి కూర్చుంది. కొయ్య కింద దాగి ఉండే గుర్తు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. పలకల మధ్యే పుట్టి పెరిగినదాన్ని, ఆ గుర్తులు ఊళ్లో ప్రతి కార్ఖానాకూ తెలుసన్న సంగతి నాకు తట్టలేదు. తట్టిందేమో, పక్కకు నెట్టేశానేమో కూడా. ఇన్నేళ్లకు కూడా ఆ రెంటిలో ఏదో తేల్చుకోలేకపోతున్నాను. స్టేషనులో నవ్వు మాత్రం తీసేశాను. పారిపోయే తల్లి నవ్విందంటే చదివేవాళ్లు ఒప్పుకోరనిపించింది. కూతుర్ని గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చిందని రాశాను. ఆ వాక్యం రాసి నాకే కళ్లు తడిసి, భలే రాశానని పొంగిపోయాను.

బెజవాడ నుంచి వచ్చే వారపత్రిక ఆ కథ వేసుకుంది. నా పేరూ, పేరు కింద మార్కాపురం అనీ వేశారు. నాయన ఆనందం చూడాలి. ఆయనకు మధ్యాహ్నం పూట కొట్టంలో కూర్చుని పత్రిక పైకి చదవడం అలవాటు, పనివాళ్లు పని చేసుకుంటూ వినేవాళ్లు. ఆ రోజు ఉతికిన ధోవతి కట్టుకుని, పక్క కార్ఖానాల యజమానుల్ని ఇద్దరిని కూడా పిలిపించి, "మా పాప రాసినాది" అని మొదలుపెట్టాడు. నేను తలుపు చాటున నిలబడ్డాను. ఎదురుగా తొట్టి పక్కన ఓబులక్క. మొదటి పేరాలో ఆమె తలెత్తి నాయన వైపు చూసింది. తర్వాత తలుపు వైపు చూసింది. తర్వాత తల దించుకుని రుద్దుతూనే ఉంది, నీళ్లు పోయకుండా, ఒకటే చోట. కథ అయ్యేసరికి ఆ పలక మధ్యలో పల్లం పడింది. అందరూ శభాష్ అన్నారు. చట్రాల మేస్త్రి, పాపం మంచివాడే, ఏ దురుద్దేశమూ లేనివాడు, నవ్వుతూ అన్నాడు: "కోడికాలు, కింద చుక్క. అది మన ఓబులమ్మ గుర్తు గదా పాపా." ఆడవాళ్లంతా ఆమె వైపు తిరిగారు. నాయన, "కథ గదప్పా, ఏదో అట్ల పెట్టింది" అని తేలిగ్గా తీసేశాడు. అప్పటికే ఆయన ముఖంలో రంగు మారింది.

మేస్త్రి అత్తగారిది గిద్దలూరు పక్క. ఆయన ఎవరితో ఏమన్నాడో, ఆ మాట ఏ సంతలో ఎవరి చెవిన పడిందో నాకు తెలియదు. నెల తిరగకముందే ముగ్గురు మగవాళ్లు మా పెరట్లోకి వచ్చారు. ఓబులక్క అప్పుడు సంతకు పోయింది. వాళ్లలో ఒకతను తను చెన్ని తండ్రినని చెప్పాడు. నాయన నమ్మకుండా పిల్లను పిలిచి అడిగాడు. చెన్ని అతన్ని చూసి, "మా నాయన" అంది. ఒక మాటు వెనక్కి జంకి, అతను "రైలెక్కిస్తా రాయే" అనగానే చెయ్యి అందించింది. గుమ్మంలో నిలబడి నేనంతా చూస్తున్నాను. అడ్డం పోవాలని తెలుసు, వాళ్లమ్మ వచ్చేదాకా ఆగండి అని ఒక్క మాట అనాలని తెలుసు. అలా అంటే, ఓబులక్క పారిపోయి వచ్చిన సంగతి నీకెలా తెలుసని నాయన అడుగుతాడు. నేను గుమ్మం దిగలేదు. చెన్ని గెంతుకుంటూ పోయింది.

ఓబులక్క ఆ సాయంత్రమే వాళ్ల వెనక పోయింది. పది రోజులకు ఒక్కతే తిరిగి వచ్చింది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వాచి ఉంది. ఊరి పెద్దమనుషులు కూర్చుని పిల్ల తండ్రిదేనన్నారట, లేచిపోయినదానికి ఊళ్లోకి అడుగు పెట్టే హక్కు లేదన్నారట. చెన్నికి తాళి కట్టడం అయిపోయిందట. ఇదంతా అవ్వతో చెప్పింది, నాతో కాదు. అవ్వ ఆమెను పీట మీద కూర్చోబెట్టి తనే కలిపి ముద్దలు పెట్టింది, చేతికి ఆముదం రాసి గుడ్డ చుట్టింది. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. పత్రిక చదవడం మానలేదు గానీ, పైకి చదవడం ఆ రోజుతో మానేశాడు.

నాలుగు రోజులు ఆమె ముందుకు పోలేకపోయాను. అయిదో రోజు పోయి తొట్టి పక్కన కూర్చున్నాను. తప్పయిపోయిందక్కా అన్నాను. ఆమె చెయ్యి ఆపలేదు.

"టేషనులో నేను ఏడ్చినానని రాసినావు. అది అబద్ధం. నా గుర్తు మాత్రం నిజం రాసినావు. అది తిప్పి రాసింటే నా బిడ్డ నా కాడ ఉండేది గదా పాపా."

కోపంగా అనలేదు. పలకలో గరుకు ఎక్కడుందో చూపించినట్టు చూపించింది. ఇన్ని కథలు రాశాను, సభల్లో కథ ఎలా రాయాలని ఉపన్యాసాలిచ్చాను, కొత్తవాళ్లకు పాఠాలు చెప్పాను. ఇంతకు మించిన పాఠం నాకు దొరకలేదు. ఇది మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు, సిగ్గేసి.

ఇప్పటి రోజులు వేరు అంటారు. ఇప్పుడు పిల్లలు కథల వర్క్‌షాపుల్లో కూర్చుని, జీవితంలోంచి రాయండి, నిజం రాయండి అని ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటున్నారు. చావింట్లో ఏడ్చేవాళ్లను కూడా ఫోనులో పట్టి లోకానికి పంచుతున్నారు. నాకు ఒళ్లు మండుతుంది. వెంటనే, నువ్వు చేసిందేంటే అని లోపల్నించి ఎవరో అడుగుతారు, నోరు మూసుకుంటాను. ఆ మధ్య మార్కాపురం పోతే మా కొట్టాలు లేవు, ఆ చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పలకల మీద రాసే పిల్లలే తగ్గిపోయారు. తుడిచేస్తే పోయే రాతలు కొన్నాళ్లయినా రాసిన తరం మాది. అయినా నేను తుడవాల్సింది తుడవలేదు. ఈ తరం నాకన్నా చెడ్డదని చెప్పే అర్హత నాకెక్కడిది.

కొన్ని వారాల తర్వాత ఓబులక్కే నన్ను పిలిచింది. "జాబు రాసిపెట్టు. ఆ ఊళ్లో బడి అయ్యవారు మంచోడు, చదివి వినిపిస్తాడు చెన్నికి" అంది. కాగితం, కలం తెచ్చుకుని కూర్చున్నాను. ఆమె చెప్పింది, నేను రాశాను. అన్నం తిను. జుట్టు దువ్విచ్చుకో. ఎండన పడి తిరగబాకు. అవ్వ నస్యం డబ్బీ నిన్ను అడుగుతాంది. నేను బాగుండాను. అంతే. చివరికి వచ్చేసరికి నా చెయ్యి ఊరుకోలేదు. 'మీ అమ్మ నీ కోసం రోజూ కన్నీరు కారుస్తోంది' అని ఒక వాక్యం చేర్చాను. చదివి వినిపించు అంది. వినిపించాను. ఆ వాక్యం దగ్గర ఆపింది.

"అది నేను చెప్పలేదు గదా."

"నిజమే గదక్కా."

"నిజమైతే మాత్రం? అది విని చిన్నపిల్ల ఏమైపోతాది? అది తీసెయ్."

కాగితం మార్చి, మళ్లీ రాశాను, ఆమె చెప్పింది చెప్పినట్టు. ఆ జాబుకు బదులు రాలేదు. నెల తర్వాత ఇంకొకటి రాయించింది. అది వెనక్కి తిరిగి వచ్చింది, తండ్రి తీసుకోనన్నాడని. మూడోది రాయించింది. అట్లా మూడేళ్లు, నెలకొకటి. మాటలు దాదాపు అవే. ఎండాకాలమైతే ఎండన తిరగబాకు, వానాకాలమైతే తడవబాకు. కొన్ని వెనక్కి వచ్చాయి, కొన్ని రాలేదు. రానివి అందాయనుకునేది. "ఈసారి రాలేదు, చూడు" అని సంబరపడేది. నేను అవునక్కా అనేదాన్ని. ఈలోగా నా కథలు ఇంకా అయిదారు అచ్చయ్యాయి, బెజవాడలో నా పేరు తెలిసింది, నంద్యాలలో నాకు సంబంధం కుదిరింది.

పెళ్లై నంద్యాల పోయేముందు రోజు ఓబులక్క పెరట్లోకి వచ్చి నిలబడింది. చేతులు తుడుచుకుని వచ్చింది, రాతిపొడి ఇంకా గోళ్లల్లో ఉంది. బాగుండు తల్లీ అంది. అప్పుడు అడిగింది.

"ఇంక నా జాబు ఎవురు రాస్తారు పాపా?"

"నాయన రాస్తాడులే అక్కా. నేను చెప్పిపోతా."

సరేనని తలూపి తొట్టి దగ్గరికి వెళ్లిపోయింది. నేను నాయనకు ఆ మాట చెప్పలేదు. పెళ్లి హడావిడిలో మరిచిపోయానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. బస్సు ఎక్కేముందు నాయన నా పక్కన చాలాసేపు నిలబడ్డాడు, చెప్పడానికి కావలసినంత సమయం ఉండింది. జాబుల మాట ఎత్తితే నా కథ మాట మా ఇద్దరి మధ్యకు వస్తుంది. మూడేళ్లుగా అది రాకుండా ఇద్దరం కాచుకున్నాం. ఇంకొక్క పూట కాచుకుందామని ఊరుకున్నాను, చెన్నికి జాబులు ఆగిపోయాయి.